ఎప్పుడో తీసిన ఆవకాయ వీడియోని ఇప్పుడు కొత్తవాళ్ళకి చేర్చడం ఎలా?

నాలుగైదేళ్ళుగా వంటల ఛానల్ నడుపుతున్నవాళ్ళ దగ్గర రెండు మూడు వందల వీడియోలు పోగుపడి ఉంటాయి. చాలావాటిని పెట్టిన వారం రోజులు చూస్తారు, తర్వాత ఎవరూ తొంగిచూడరు. వంట మాత్రం పాతబడదు. నాలుగేళ్ళ కిందట కలిపిన ఆవకాయకీ ఈ వేసవిలో కలపబోయే ఆవకాయకీ కొలతలు ఒకటే. పాతబడేది దాన్ని అందించిన తీరు. పన్నెండు నిమిషాల అడ్డం వీడియో, ఒక్క జిల్లావాళ్ళకే తెలిసిన పేరు, ఏ గ్లాసో తెలియని ‘గ్లాసు’ లెక్క ఇప్పుడు కొత్తవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేస్తాయి.

కొత్తవాళ్ళంటే ఎవరో ముందే అనుకుంటే పని తేలికవుతుంది. ఫోన్ నిలువుగా పట్టుకుని నిమిషంలో జవాబు కావాలనేవాళ్ళు కొందరు. అదే వంటని వేరే పేరుతో వెతికేవాళ్ళు ఇంకొందరు. యూట్యూబ్ జోలికి పోకుండా వాట్సాప్‌లోనే ఉండే పెద్దవాళ్ళున్నారు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పుట్టి, తెలుగు వింటే అర్థమై, చదవడం రాని పిల్లలున్నారు. వీళ్ళలో ఒక్కొక్కరికీ ఒక్కో రూపం కావాలి. ఒక పన్నెండు నిమిషాల ఆవకాయ వీడియో తీసుకుని ఈ నలుగురికీ ఎలా చేర్చాలో వరసగా చూద్దాం. అరిసెలైనా గోంగూర పచ్చడైనా పద్ధతి ఇదే.

ఒక్క నియమం మొదటినుంచీ గుర్తుంచుకోండి. తల్లి వీడియోని, అంటే ఆ పన్నెండు నిమిషాల అసలు వీడియోని, ఎన్నడూ చూడని మనిషికి కూడా అందులోంచి తీసిన ప్రతి ముక్కా దానంతట అదే పనికి రావాలి. ‘పూర్తిగా తెలుసుకోవాలంటే వీడియో చూడండి’ అని ఊరించి వదిలేసే ముక్క ఎవరికీ అక్కరలేదు.

ఏ వీడియో పైకి తీయాలి

యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్ తెరిచి, కాలం దగ్గర గత 365 రోజులు పెట్టండి. పుట్టినప్పటినుంచీ వచ్చిన వ్యూస్ చూస్తే ఒకప్పటి హిట్లు పైకొస్తాయి, ఇప్పటి సంగతి తెలియదు. మీరు ఏమీ చేయకపోయినా నెలనెలా కొద్దికొద్దిగా చూస్తున్న వీడియోలు ఈ జాబితాలో బయటపడతాయి. మన సరుకు అదే. జనం ఎక్కణ్ణించి వచ్చారో చూపే ట్రాఫిక్ సోర్సుల్లో ‘యూట్యూబ్ సెర్చ్’ నొక్కితే జనం ఏ మాటలు కొట్టి ఆ వీడియోకి వచ్చారో కనబడుతుంది. ఆ మాటల్ని అక్షరదోషాలతో సహా ఉన్నవి ఉన్నట్టు ఒక షీట్‌లోకి ఎక్కించుకోండి. తర్వాత టైటిల్స్ రాసేటప్పుడు అవే అక్కరకొస్తాయి.

ఆపైన కామెంట్లు చదవండి. ‘సూపర్ అండీ’లు వదిలేసి ప్రశ్నలు మాత్రమే ఏరండి. ‘మూడో రోజుకి కూడా నూనె తేలలేదండీ, ఏం చేయమంటారు?’, ‘గ్లాసు అంటే ఏ గ్లాసు ఆంటీ?’, ‘పల్లీ నూనె పోయొచ్చా?’ లాంటివి. ఒకే ప్రశ్న నలుగురు అడిగారంటే వీడియోలో ఆ సంగతి సరిగ్గా పడలేదన్నమాట. ఆ ప్రశ్న ఒక్కదానికే చిన్న వీడియో పెట్టొచ్చు కూడా. కొత్త ఆలోచనల కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, కామెంట్లలోనే ఉన్నాయి.

వందలో పది ఎంచుకుంటే చాలు. కొలతలు ఇప్పటికీ సరైనవేనా, దృశ్యాలన్నీ మీరే తీసినవా, చేతులూ గిన్నే వెలుతురులో స్పష్టంగా ఉన్నాయా అని చూసుకోండి. మాట సరిగ్గా వినబడకపోయినా ఫరవాలేదు, గొంతు మళ్ళీ పెట్టుకోవచ్చు. బొమ్మ మసగ్గా ఉంటే చేయగలిగిందేమీ లేదు, అలాంటిదాన్ని రాతకి మాత్రం వాడుకోండి. పండగ శుభాకాంక్షలు, ఊరెళ్ళొచ్చిన వ్లాగులు, ‘లక్ష మంది అయ్యారు’ వీడియోల జోలికి పోవద్దు.

ఒరిజినల్ ఫైలు ఎక్కడుంది?

పాత హార్డ్ డిస్కులో కెమెరా ఫైళ్ళు ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. లేకపోతే స్టూడియోలోంచి డౌన్‌లోడ్ చేయొచ్చు కానీ అలా వచ్చేది మహా అయితే 720 సైజులో (నిలువు 720 పిక్సెళ్ళు) వస్తుంది. గూగుల్‌లో ఉన్న మన ఫైళ్ళని దించుకునే గూగుల్ టేకవుట్‌లో యూట్యూబ్ ఎంచుకుని వీడియోలు తెప్పించుకోవడం మెరుగు. ఛానల్ పెద్దదైతే ఫైళ్ళు చాలా జీబీలు తూగుతాయి, డిస్కులో చోటు చూసుకుని మొదలుపెట్టండి.

సైజు మీద ఇంత పట్టుదల ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. నిలువు వీడియో కొలత 1080 అడ్డం, 1920 నిలువు. మీ పాత అడ్డం వీడియో 1920 అడ్డం, 1080 నిలువు. అందులోంచి నిలువు చట్రం కోస్తే మిగిలే వెడల్పు 607 పిక్సెళ్ళు. దాన్ని 1080కి సాగదీస్తే ఆవాల గింజలు అలుక్కుపోతాయి. 720 ఫైలైతే మిగిలేది 405 మాత్రమే, రెండున్నర రెట్లకి పైగా సాగదీయాలి. అదే 4కెలో (3840 అడ్డం, 2160 నిలువు) తీసినదైతే 1215 వస్తుంది, ఏ ఢోకా లేదు.

1080 ఫైలే ఉన్నవాళ్ళకి ఒక మధ్యేమార్గం ఉంది. నిలువు చట్రానికి బదులు చతురస్రం కోయండి. 1080కి 1080 ఏమాత్రం సాగకుండా వస్తుంది. దాన్ని 1080, 1920 చట్రంలో పెడితే పైనా కిందా కలిపి 840 పిక్సెళ్ళ ఖాళీ మిగులుతుంది. ఆ చతురస్రాన్ని నట్టనడుమ పెట్టకుండా కొంచెం పైకి జరపండి, పైన 300, కింద 540 ఉండేలా. పై పట్టీలో ప్రశ్న రాయండి. కింది భాగంలో యాప్ తన బటన్లు, ఛానల్ పేరు ఎలాగూ పరుస్తుంది, అక్కడ ఏం రాసినా కనబడదు. ఖాళీలో మసకబారిన అదే వీడియోని నింపడం చాలామందికి అలవాటు. అది కళ్ళని లాగేస్తుంది. ఒకే ముదురు రంగు వేస్తే గిన్నె మీదే చూపు నిలుస్తుంది.

కొలతలు సరిచేయకుండా ముందుకి పోవద్దు

అందరూ దాటేసే మెట్టు ఇది. పాత వీడియోలో ఒక తప్పుంటే అది ఒక్కచోటే ఉంటుంది. దాన్ని ఆరు రూపాల్లోకి మారిస్తే ఆరు చోట్లకి పాకుతుంది. వాట్సాప్‌లో ఒకసారి తిరిగిన కార్డుని వెనక్కి తీసుకునే దారే లేదు.

ఆవకాయలో ఉప్పే చూడండి. ‘ఒక గ్లాసు ఆవపిండి, ఒక గ్లాసు కారం, ముప్పావు గ్లాసు ఉప్పు’ అని చెప్పి ఉంటారు. ఇంట్లోవాళ్ళకి ఆ గ్లాసు తెలుసు. కొత్తవాళ్ళకి తెలియదు. 240 మిల్లీలీటర్ల కప్పు నిండా మెత్తటి ఉప్పు పోస్తే 280, 290 గ్రాముల దాకా తూగుతుంది. అదే కప్పులో కల్లుప్పు పోస్తే పలుకుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి బరువు బాగా తగ్గుతుంది. కారం అయితే ఉప్పు బరువులో సగం కూడా రాదు. మీరు దంచిన కల్లుప్పు కొలిచి చెప్పినదాన్ని ఎక్కడో ఒక అమ్మాయి ప్యాకెట్ ఉప్పుతో కొలిస్తే పచ్చడి నోట పెట్టలేం. మెత్తటి ఉప్పుతో చెప్పినదాన్ని కల్లుప్పుతో కొలిస్తే ఉప్పు చాలక నెల తిరక్కుండా బూజు పడుతుంది. ఇందులో ఉప్పు రుచికి ఎంతో నిలవకీ అంతే, అందుకే ఈ ఒక్క అంకె మీద ఇంత పట్టింపు.

కాబట్టి త్రాసు తీయండి. వీడియోలో వాడిన అదే గ్లాసుతో, అదే రకం ఉప్పు, కారం, ఆవపిండి, నూనె మళ్ళీ కొలిచి, ఒక్కొక్కటీ రెండుసార్లు తూచి గ్రాముల్లో రాసుకోండి. ముక్కల బరువు కూడా రాయండి. ‘ఆరు కాయలు’ అంటే ఎవరి చెట్టు ఆరు కాయలు? జీడి (టెంక లోపలి పప్పు) తీసి, తుడిచి ఆరబెట్టాక టెంకతో ఉన్న ముక్కలు ఎన్ని కిలోలో అదే లెక్క. ఇక ముందు ప్రతి రూపంలోనూ గ్రాములు ముందు, గ్లాసులు తర్వాత ఇవ్వండి. గిద్దలు, సోలలు చెప్పిన వీడియోలకి ఇది మరీ ముఖ్యం.

పాత వీడియోలో తప్పు దొర్లిందని తేలితే దాన్ని తీసేయనక్కర్లేదు. సవరణని వీడియో కింది వివరణ (డిస్క్రిప్షన్) మొదటి వాక్యంలో రాసి, అదే మాటని కామెంటుగా పెట్టి పిన్ చేయండి. వీడియో ఫైలుని మార్చి అదే లింకు మీద కొత్తది పెట్టడం యూట్యూబ్‌లో కుదరదు. స్టూడియో ఎడిటర్‌లో తప్పు చెప్పిన ఆ పది సెకన్లు కోసేయొచ్చు, వ్యూస్, లింకు అలాగే ఉంటాయి. లక్ష వ్యూస్ దాటిన వీడియోకి మాత్రం, పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో (ప్రకటనల ఆదాయం పంచుకునే ఏర్పాటు) లేని ఛానళ్ళకి ఈ కోత సేవ్ కాకపోవచ్చు.

మాటలన్నీ ఒకసారి రాతలో పెట్టండి

వీడియోలో చెప్పినదంతా కాగితం మీదికి రావాలి. క్యాప్షన్లు, వ్యాసం, కార్డు, అనువాదం అన్నీ ఈ రాతలోంచే పుడతాయి. గూగుల్ డాక్స్‌లో గానీ ఫోన్ జీబోర్డులో గానీ తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి, వీడియో వింటూ మీరే మళ్ళీ నిదానంగా చెప్పండి. వీడియో శబ్దాన్నే నేరుగా మైకుకి వినిపిస్తే పోపు చిటపటలూ మిక్సీ రొదా కలిసి సగం మాటలు పోతాయి. మీరు చెప్పినా కొన్ని తప్పులు ఖాయం. ‘ఆవపిండి’ ‘ఆవు పిండి’ అవుతుంది, ‘జీడి’ జీడిపప్పు అవుతుంది. అంకెల్ని మరీ జాగ్రత్తగా చూడండి.

పూర్తయ్యాక, రాతని ప్రశ్నలవారీగా విడగొట్టండి. ఆవకాయకైతే ఇలా వస్తాయి: కాయ ఎలాంటిది ఎంచుకోవాలి, ముక్క తడి ఎలా పోగొట్టాలి, ఆవాలు పొడి కొడితే చేదెందుకు వస్తుంది, ఉప్పు ఎంత, నూనె ఎంత, మూడో రోజు ఏం చూడాలి, బూజు పడితే ఏమిటి దారి. ప్రతి ప్రశ్న పక్కనా వీడియోలో అది ఏ నిమిషం దగ్గర ఉందో రాసుకోండి. ఏ ప్రశ్నకి బొమ్మ ఉందో, దేనికి మాటే తప్ప బొమ్మ లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

పాత వీడియోకే ముందు మరమ్మతు

కొత్త ముక్కలన్నీ జనాన్ని తెచ్చి దించేది ఆ పాత వీడియో దగ్గరే కాబట్టి దాన్ని ముందు సర్దాలి.

మొదటిది పేరు. బొబ్బట్లు అని పెట్టిన వీడియో, భక్షాలు అని వెతికే తెలంగాణ ఇంటికీ ఓళిగలు అని వెతికే రాయలసీమ ఇంటికీ కనబడకపోవచ్చు. గోంగూరని పుంటికూర అనేవాళ్ళున్నారు, సొరకాయని ఆనపకాయ అనేవాళ్ళున్నారు, బంగాళదుంపని ఆలుగడ్డ, ఉర్లగడ్డ అంటారు. ఒక్క ఎల్లిపాయ కారం అన్న మాటతో ఎన్ని వెల్లుల్లి వీడియోలు కొత్త జిల్లాలకి చేరగలవో! టైటిల్‌లో మీ ఇంటి మాటా దాని పక్కన రెండో మాటా పెట్టండి. మిగతావి వివరణలో మామూలు వాక్యంలో రానివ్వండి: ‘మా వైపు బొబ్బట్లు అంటాం, భక్షాలు, పోలెలు, ఓళిగలు అన్నా ఇవే.’ పేర్లన్నీ కామాలతో కుప్పపోస్తే యూట్యూబ్ నియమాలకి విరుద్ధం, చదవడానికీ బాగుండదు. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళే ఎక్కువ, ఆ రాత కూడా ఒకసారి ఉండాలి. ఇందాక షీట్‌లోకి ఎక్కించుకున్న సెర్చ్ మాటలు చూస్తే ఏ స్పెల్లింగో తెలుస్తుంది. అయితే నిజంగా అదే వంటకమైతేనే పేరు చేర్చండి. మాగాయ కోసం వచ్చినవాళ్ళకి ఆవకాయ చూపిస్తే పది సెకన్లలో వెళ్ళిపోతారు.

టైటిల్‌కి వంద అక్షరాల హద్దు ఉంది, కానీ ఫోన్‌లో అందులో సగం కనబడితే గొప్ప. అసలు మాట మొదట్లోనే రావాలి.

రెండోది చాప్టర్లు. వివరణలో 0:00తో మొదలుపెట్టి, వరసగా కనీసం మూడు సమయాలు, ఒక్కో భాగం పది సెకన్లకి తగ్గకుండా ఇస్తే యూట్యూబ్ తానే విడగొడుతుంది. 0:00 లేకపోతే ఏమీ రాదు, చాలామంది చిక్కుకునేది ఇక్కడే. చాప్టర్ పేర్లు ‘పార్ట్ 1’ అని కాకుండా ఇందాకటి ప్రశ్నలే పెట్టండి.

థంబ్‌నెయిల్ మార్చాలనుకుంటే టైటిల్‌తో పాటు ఒకే రోజు మార్చకండి. రెండూ కలిపి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. టైటిల్ మార్చి నాలుగు వారాలు ఆగి, తర్వాత బొమ్మ మార్చండి.

నిలువు వీడియో

షార్ట్స్ 2024 అక్టోబర్ నుంచి మూడు నిమిషాల దాకా పెట్టొచ్చు. అయినా ఒక వంట ప్రశ్నకి నలభై, యాభై సెకన్లు చాలు. నిమిషం దాటిన షార్ట్‌లో కంటెంట్ ఐడీ క్లెయిమ్ (పాట హక్కులున్నవాళ్ళ తరఫున యూట్యూబ్ పట్టుకోవడం) పడే పాట ఉంటే వీడియో మొత్తం బ్లాక్ అవుతుంది. పాత వీడియో వెనక సినిమా పాట పెట్టుకున్నవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు. గొంతూ పాటా ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటే విడదీయడానికి తంటాలు పడొద్దు. పాత శబ్దం పూర్తిగా ఆపేసి గొంతు కొత్తగా పెట్టండి. ఎలాగూ పాత మాట పన్నెండు నిమిషాల తీరికకి తగినట్టు సాగుతుంది, నలభై సెకన్లలో అది ఇమడదు.

‘మూడో రోజుకి నూనె తేలలేదు’ అన్న ప్రశ్నని తీసుకుని కట్టి చూద్దాం.

0 నుంచి 3 సెకన్లు: జాడీ మూత తీసిన దృశ్యం, దగ్గరగా. గొంతు: ‘ఆవకాయలో మూడో రోజుకి కూడా నూనె పైకి తేలలేదా?’ నమస్కారం, ఛానల్ పేరు, సబ్‌స్క్రైబ్ చేయమనడం ఏవీ వద్దు.

3 నుంచి 10: పొడిగా కనబడుతున్న ముక్కలు. ‘ముక్కా పిండీ నూనె పీల్చుకుంటాయి. కంగారు పడకండి, ముందు అడుగునుంచి కలపండి.’

10 నుంచి 22: పొడి గరిటెతో జాడీ అడుగుదాకా తిప్పుతున్న చెయ్యి. ‘గరిటెకి చుక్క తడి ఉండకూడదు. అడుగున చేరిన ఉప్పూ ఊటా పైకి రావాలి.’

22 నుంచి 36: గిన్నెలో నూనె, తర్వాత జాడీలోకి ధార. ‘అప్పటికీ పొడిగా ఉంటే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లార్చి, ముక్కల పైన వేలెడు నిలిచేదాకా పోయండి.’

36 నుంచి 42: వేలితో రుచి. ‘ఉప్పు ఇప్పుడే చూసుకోండి, తక్కువైతే ఈ రోజే కలపాలి.’

జవాబు పూర్తిగా వచ్చేసింది. పూర్తి వీడియోకి దారి కావాలంటే, షార్ట్ వివరణలో లింకు పెడితే అది నొక్కితే తెరుచుకోదు, 2023 ఆగస్టు చివరినుంచి షార్ట్స్ వివరణల్లోనూ కామెంట్లలోనూ లింకులు పనిచేయడం లేదు. స్టూడియోలో ఆ షార్ట్ వివరాల్లో ‘రిలేటెడ్ వీడియో’ అని ఉంటుంది, అక్కడ తల్లి వీడియోని ఎంచుకోండి. ఇది మరిచిపోతే షార్ట్‌కి లక్ష వ్యూస్ వచ్చినా పాత వీడియోకి పదిమంది రారు.

తెర మీద మాటలు తప్పనిసరి, చాలామంది శబ్దం ఆపి చూస్తారు. తెలుగు మాటలు పొడుగు కాబట్టి వరసకి మూడు నాలుగు మాటలకి మించకుండా, రెండు వరసలే పెట్టండి. అక్షరాల కింద ఒత్తులు వేలాడతాయి, వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయేంత పెడితే పై వరస ‘ర’ వత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. అక్షరం సైజుకి 1.4 రెట్లయినా ఎడం ఇవ్వండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సురవరం, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. క్యాప్షన్‌కి మండలి, నోటో నప్పుతాయి. రామభద్ర మందంగా ఉంటుంది, థంబ్‌నెయిల్‌లో రెండు మూడు మాటలకి బాగుంటుంది.

ఒక యాప్‌లో తయారుచేసి, దాని గుర్తు పడిన ఫైలునే డౌన్‌లోడ్ చేసి ఇంకోదానిలో ఎక్కించడం మానండి. వేరే యాప్ గుర్తు కనబడే రీల్స్‌ని ఇన్‌స్టాగ్రామ్ తక్కువమందికే సిఫారసు చేస్తుంది. ఎడిటర్‌లోంచి శుభ్రమైన ఫైలు బయటికి తీసి, అన్నిచోట్లా అదే వాడండి.

అదే రాత పేజీగా

గ్రాములు సరిచేశారు, రాత ప్రశ్నలుగా విడింది, కాబట్టి వ్యాసం సగం అయినట్టే. కానీ మాట్లాడినది ఉన్నది ఉన్నట్టు అతికించకండి. ‘ఇదిగోండి ఇలా కలుపుకోవాలి’ అన్న మాటకి బొమ్మ లేకపోతే అర్థం లేదు. ‘ఇలా’ అన్న ప్రతిచోటా ఏం జరుగుతోందో మాటల్లో రాయండి: పిండి ముక్కకి అంటుకుని, అడుగున పొడి మిగలకుండా పోయేవరకు. పైన కావలసినవి, గ్రాముల్లో. తర్వాత వరస. చివర, కామెంట్లలోంచి ఏరిన ప్రశ్నలు జవాబులతో.

ఇప్పటికే పాత బ్లాగు పోస్టు ఉంటే కొత్తది రాయకుండా దాన్నే దిద్దండి. ఒకే వంటకి రెండు పేజీలుంటే సెర్చ్‌లో ఒకదానికొకటి అడ్డం పడతాయి. రెండోది ఇప్పటికే ఉంటే మంచిదాన్ని ఉంచి, మిగతాదాని చిరునామాని 301 రీడైరెక్ట్‌తో దీని మీదికి మళ్ళించండి. విషయం ఏమీ మార్చకుండా తేదీ మాత్రం ఈరోజుది వేయడం చదివేవాళ్ళని మోసం చేయడమే.

పత్రికలకి రాసి దాచుకున్న పాత ఫైళ్ళు చాలామందికి అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) ఉంటాయి. వాటిని నేరుగా పేజీలో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, సెర్చ్‌కీ దొరకవు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉచితంగా ఉన్నాయి. మార్చాక ఒత్తులూ అంకెలూ ఒక్కొక్కటీ కళ్ళతో చూసుకోవాలి. పాత వెబ్‌సైటు మూతపడి రాత పోయిందనుకుంటే, పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా కొట్టి చూడండి, చాలాసార్లు దొరుకుతుంది.

వాట్సాప్ కార్డు

పెద్దవాళ్ళకి లింకు పంపితే నొక్కరు, బొమ్మ పంపితే దాచుకుంటారు. ఆవకాయ మొత్తాన్ని ఒకే కార్డులో ఇరికించకండి. 1080కి 1350 సైజులో కొలతల కార్డు ఒకటి, ‘మూడో రోజు ఏం చూడాలి’ అని ఇంకొకటి. ఒక్కో కార్డులో ఎనిమిది వరసలు మించితే అద్దాలు పెట్టుకున్నా చదవలేరు. అక్షరం 48 పిక్సెళ్ళకి తగ్గకూడదు. పంపేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోకపోతే వాట్సాప్ నొక్కేసి ఒత్తులు చెరిగిపోతాయి.

ఫోటోషాప్‌లో తెలుగు అతికిస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయా? పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ’ అన్నది పెట్టండి, పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సుల్లో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అని ఉంటుంది.

ఛానల్ పేరూ, ఆ కొలతలు ఏ ఏడాదివో ఆ సంవత్సరమూ చిన్నగా ఒక మూల వేయండి. ఫార్వర్డ్ అయ్యి అయ్యి పదో ఇంటికి చేరేసరికి ఎవరిదో తెలిసే దారి అదొక్కటే. మళ్ళీ కొలతలు సవరిస్తే కొత్తది ఏదో ఆ ఏడాదే చెబుతుంది.

తెలుగు చదవలేని మనవాళ్ళకి

వీళ్ళకోసం కొత్త వీడియో తీయనక్కర్లేదు, పాతదానికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చేరిస్తే చాలు. స్టూడియోలో సబ్‌టైటిల్స్ విభాగంలో ఇంగ్లీషు భాష చేర్చి ఎస్ఆర్‌టీ ఫైలు (ఏ సెకన్‌కి ఏ వరసో రాసిన సబ్‌టైటిల్ ఫైలు) ఎక్కించండి. పన్నెండు నిమిషాలకి సుమారు రెండు వందల వరసలు వస్తాయి, ఒక రోజు పని. అక్కడే టైటిల్, వివరణ కూడా ఇంగ్లీషులో ఇవ్వొచ్చు. ఫోన్ ఇంగ్లీషులో పెట్టుకున్నవాళ్ళకి అదే కనబడుతుంది.

మెషీన్ అనువాదం చిత్తుప్రతిగా పనికొస్తుంది కానీ వంటింటి మాటల్లో బోల్తా పడుతుంది. పోపు, తిరగమోత, జీడి, టెంక, ఊట లాంటివి ఒక్కొక్కటీ చేత్తో దిద్దాలి. ఊరగాయల్లో నూనె దగ్గర మరీ జాగ్రత్త. నువ్వుల నూనె అని అనువదించి వదిలేస్తే, విదేశాల్లో ఉన్నవాళ్ళు సూపర్‌మార్కెట్‌లో చైనా, జపాన్ వంటలకి వాడే వేయించిన నువ్వుల ముదురు నూనె సీసా తెచ్చుకుంటారు. దాని ఘాటుకి ఆవకాయ రుచే మారిపోతుంది. ఇండియన్ స్టోర్‌లో దొరికే లేతరంగు నువ్వుల నూనె అని విడమరిచి రాయాలి. మామిడికాయ కూడా అంతే. మాగబోతున్న కాయ కాదు, నొక్కితే రాయిలా ఉండే పుల్లటి పచ్చికాయ అని రాయండి. టెంకతో కొట్టే కత్తి వాళ్ళ దగ్గర ఉండదు. టెంక లేకుండా కోసిన ముక్క త్వరగా మెత్తబడుతుంది, తక్కువ మోతాదులో పెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచుకోమని ఒక వరస చేర్చండి. అనువాదంలో ఇలాంటి వరసలు అసలు వీడియోలో లేనివైనా ఫరవాలేదు, వివరణలో పెట్టండి.

ఎప్పుడు వదలాలి, తర్వాత ఏం చూడాలి

అన్నీ ఒకే వారం వదిలితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఆవకాయకి వరస ఇలా వేసుకోండి. మార్చి మొదటివారానికి పాత వీడియో టైటిల్, చాప్టర్లు, సబ్‌టైటిల్స్ పూర్తి. నెలాఖరుకి రాత పేజీ. ఏప్రిల్‌లో కాయ ఎంపిక, ముక్క తడి మీద షార్ట్స్. పచ్చళ్ళు పెట్టే రోజులు ఊపందుకున్నాక కొలతల కార్డు. నూనె తేలలేదు, బూజు పడింది అన్న షార్ట్స్ మే నెలలోకి ఆపండి, ఎందుకంటే జాడీలో పచ్చడి ఉన్నవాళ్ళకే ఆ ప్రశ్న పుడుతుంది. అరిసెలు, సకినాలకి ఇదే వరస డిసెంబర్ మొదట్లో మొదలవ్వాలి. పండగ ముందురోజు పెట్టిన అరిసెల వీడియో మళ్ళీ ఏడాదికి గానీ అక్కరకి రాదు.

ప్రతి ముక్కకీ 28 రోజులు ఇచ్చి అప్పుడు లెక్క చూడండి. షార్ట్స్‌లో పైకి కనబడే వ్యూస్ అంకె నమ్మొద్దు. 2025 మార్చి చివరినుంచి వీడియో మొదలైతే చాలు, అది వ్యూగా లెక్కకొస్తోంది. అనలిటిక్స్‌లో ‘ఎంగేజ్డ్ వ్యూస్’ (ఆగి చూసినవాళ్ళ లెక్క) అని విడిగా ఉంటుంది, అది చూడండి. తర్వాత తల్లి వీడియో ట్రాఫిక్ సోర్సుల్లో షార్ట్స్ నుంచి ఎందరొచ్చారో, సెర్చ్ మాటల్లో కొత్త పేరు ఏదైనా చేరిందో చూడండి. టైటిల్‌లో పచ్చడికి తెలంగాణ మాట ‘తొక్కు’ చేర్చాక ఆ మాటతో జనం రావడం మొదలైతే, మిగతా పచ్చళ్ళ వీడియోలన్నిటికీ ఆ మరమ్మతు చేయొచ్చు. రిటెన్షన్ గీత (ఏ సెకన్ దాకా ఎందరు చూశారో చూపేది) మూడో సెకన్‌లోనే పడిపోతే తప్పు మొదటి వాక్యంలో ఉంది. ఇరవయ్యో సెకన్ దగ్గర పడితే జవాబు అప్పటికే వచ్చేసిందన్నమాట, అక్కడే కోసి మళ్ళీ కట్టండి.

ఒక షీట్‌లో వీడియో పేరు, దాంట్లోంచి తీసిన ముక్క, అది జవాబిచ్చే ప్రశ్న, వదిలిన తేదీ, 28వ రోజు అంకె, కొత్తగా వచ్చిన కామెంట్ ప్రశ్నలు అని ఆరు గడులు గీసుకోండి. ఆ ఆరో గడిలో చేరిన ప్రశ్నలతోనే వచ్చే మార్చిలో పని మొదలవుతుంది.